రెండు మోచేతుల మీదా నీటి పొక్కులు, దురద: గోధుమ మానేసి చూడాలా, ముందు పరీక్ష చేయించాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నమస్కారమండి. నా వయసు 36. ఏడాది పైనుంచి రెండు మోచేతుల వెనక, మోకాళ్ళ మీద, నడుము కింద చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తున్నాయి. పొక్కు కనబడకముందే ఆ చోట మంట, దురద. రాత్రి గోకితే చితికి చెక్కు కడుతోంది, నల్లమచ్చ మిగులుతోంది. ఒక డాక్టరుగారు గజ్జి అని లోషన్ రాశారు, ఇంకొకరు ఎగ్జిమా అన్నారు. ఇంట్లో ఇంకెవరికీ లేదు. మావారికి షుగర్, అందుకని రాత్రిపూట ఇద్దరం పుల్కాలే తింటాం. గోధుమ పడట్లేదేమో మానేసి చూడు అని మా ఆడపడుచు అంటోంది. కడుపులో ఏ ఇబ్బందీ లేదు. రేపటి నుంచి మానేయనా?

జవాబు 1:
అమ్మా, దయచేసి ఇప్పుడే మానకండి. మా చెల్లికి ఇదే జబ్బు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీరు చెప్పిన చోట్లు, రెండు వైపులా ఒకేలా రావడం చూస్తే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్ ఉందేమో తేల్చుకోవాల్సిందే. గోధుమ, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చర్మంలో బయటపడే జబ్బు ఇది, అదే గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు సంబంధించినదే. కడుపులో బాధ లేకుండానే రావచ్చు. అంటుకోదు. మన వైపు దీని ఊహ డాక్టర్లకు వెంటనే రాకపోవడానికి కారణం ఉంది: 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో సీలియాక్ ఉత్తరాది పెద్దవాళ్ళలో 1.23 శాతం ఉంటే, దక్షిణాదిలో 0.10 శాతమే. అలాగని ఇదేనని మనం తీర్మానించకూడదు, గజ్జి, ఎగ్జిమా కూడా ఇలాగే కనిపిస్తాయి.

గోధుమ తింటున్నంత కాలమే రక్తంలో ఈ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీలు బాగా దొరుకుతాయి. మానేశాక చేయిస్తే నెగటివ్ వచ్చి, ఏమీ లేదనుకుని వదిలేసే ప్రమాదం. పుల్కాలు తింటూనే టీటీజీ ఐజీఏ, టోటల్ ఐజీఏ రక్తపరీక్షలు చేయించండి (ఐజీఏ ఒక రకం యాంటీబాడీ). అవి నార్మల్ వచ్చినా ఆగకండి, కొందరికి అలాగే వస్తాయి. అసలు తేల్చేది చర్మం ముక్క పరీక్ష. డీఐఎఫ్, అంటే చర్మంలో ఐజీఏ పేరుకుందేమో చూసే డైరెక్ట్ ఇమ్యునోఫ్లోరసెన్స్, చేయిద్దామా అని స్కిన్ డాక్టరుగారిని మీరే అడగండి. ఇప్పటిదాకా పూసిన ఆయింట్‌మెంట్ ట్యూబులు కూడా వెంట తీసుకెళ్ళండి. వాటిలో స్టెరాయిడ్ ఉందో లేదో ఆయనకు తెలియాలి.

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్):
పైన చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను మేడమ్. డీఐఎఫ్‌కి ముక్క పొక్కు మీద తీయరు, దాని పక్కన మామూలుగా కనిపించే చర్మం నుంచి తీస్తారు. పొక్కు ఉన్నచోట ఐజీఏ చెదిరిపోయి కనబడకపోవచ్చు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్షకు పనికిరాదు. మైకెల్స్ మీడియం అనే ద్రవంలో పంపాలి, అది లేకపోతే నార్మల్ సెలైన్‌లో వేసి ఒక రోజులోపు ల్యాబ్‌కు చేర్చాలి. మామూలు బయాప్సీకి పొక్కు నుంచి ఇంకో ముక్క తీస్తారు, ఫార్మలిన్ దానికి. రెండు ముక్కలూ ఒకే ఫార్మలిన్ సీసాలో మా దగ్గరకు వచ్చిన రోజులున్నాయి. పాపం, అలా వచ్చిన పేషెంటుకు మళ్ళీ కోత, మళ్ళీ కుట్టు. మీ ఊళ్ళో ఈ పరీక్ష లేకపోతే ముక్క తీయకముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి సీసా తెప్పించుకోమనండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఇక్కడ ఒక ల్యాబ్‌వాళ్ళు వందకు పైగా ఆహారాల ఐజీజీ ప్యాకేజీ చేయించుకోమంటున్నారు, పనికొస్తుందా? ఈ జబ్బే అని తేలితే డాప్సోన్ అనే మందు ఇస్తారని విన్నాను, భయంగా ఉంది.

జవాబు 1:
ఆ ప్యాకేజీకి డబ్బు పోయకండమ్మా. ఐజీజీ ఇంకో రకం యాంటీబాడీ, అది ఉందంటే ఆ పదార్థం మీరు తిన్నారని అర్థం, పడట్లేదని కాదు. డాప్సోన్‌తో మా చెల్లికి దురద కొద్ది రోజుల్లోనే తగ్గింది. కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకు అది ప్రమాదం, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఆ పరీక్ష చూశాకే మొదలుపెట్టాలి, తర్వాత కూడా రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. మందు దురదను ఆపుతుందేగానీ పేగును బాగుచేయదు. దానికి గోధుమ, బార్లీ పూర్తిగా మానడమే దారి, చర్మం కుదుటపడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏళ్ళు.

తేలాక మాత్రం గట్టిగా పట్టించుకోండి. చపాతీతో పోదు, బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, మాల్ట్ పొడులు అన్నీ గోధుమా బార్లీలే. డబ్బా ఇంగువలో కూడా చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది, లేబుల్ చదవండి. జొన్నలు, రాగులు నిక్షేపంగా తినొచ్చు, కాకపోతే గోధుమ ఆడిన మరలోనే పట్టిస్తే పిండి కలుస్తుంది. మా చెల్లి జొన్నలు ఇంట్లోనే మిక్సీలో వేసి జల్లించుకుంటుంది.