డీజిల్ 105 దాటింది, ఎండాకాలం టూరుకు బండి తీయాలా వద్దా? (2022 ఏప్రిల్ నాటి చర్చ)

సాగర్‌కట్ట_నల్లగొండ
అన్నలూ, మాది పాత ఫోర్స్ ట్రావెలర్ వ్యాను. వెనక సీట్లు పీకించి రెండు పడకలు, ఒక వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాం. పిల్లల సెలవుల్లో దాంట్లోనే తిని దాంట్లోనే పడుకుని తిరిగొస్తాం. ఈసారి తిరుపతి, కంచి, అరుణాచలం, రామేశ్వరం, కన్యాకుమారి అనుకున్నాం, పోను రాను మూడు వేల కిలోమీటర్లు. బండి లీటరుకు పది ఇస్తుంది. 2022 మార్చి 22న మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి ఏప్రిల్ 6 నాటికి హైదరాబాద్‌లో డీజిల్ 105.49 చేశారు. ఎక్కడెక్కడ కొట్టిస్తే కలిసొస్తుంది, వంట బండిలో పెట్టుకుంటే నిజంగా మిగులుతుందా, రాత్రి హాల్ట్ ఎక్కడ పెడతారు, చెప్పండి.

మిల్లుకాడ_మిర్యాలగూడ
ముందు లెక్క చూడు తమ్ముడూ. మూడు వేల కిలోమీటర్లకు 300 లీటర్లు. పెరగకముందు 94.62 ఉండె, అంటే పెరిగింది లీటరుకు 10.87, మొత్తం మీద 3,260 రూపాయలు. అంత పెద్ద టూరు ఈ మూడు వేలకు ఆపుకుంటారా?

పానగల్లు_78
ఆ లెక్క మార్చి నుంచి కాదు, 2020 నుంచి వేయాలి. లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాద్‌లో డీజిల్ 67.82. అక్కడి నుంచి చూస్తే అదే 300 లీటర్లకు 11 వేలు పైన. మన జీతాలు ఆ లెక్కన పెరిగాయా? ఇంట్లో గ్యాస్ బండ కూడా వెయ్యి దాటింది. మూడు వేలే కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఎల్లోబోర్డు_సూర్యాపేట
మీది సొంత బండి, పోతే పోతారు లేకుంటే ఇంట్లో ఉంటారు. నా సంగతి వినండి. ఫిబ్రవరిలో పెళ్లి పార్టీలకు, శిర్డీ పార్టీలకు కిలోమీటరు రేటు మాట్లాడి అడ్వాన్సు తీసుకున్నా. అప్పటి డీజిల్‌కు, ఇప్పటి డీజిల్‌కు పది రూపాయల పైన తేడా. జర రెండు రూపాయలు కలపండి అంటే మాట తప్పుతున్నావ్ అంటారు. ఈఎంఐ ఆగదు, డ్రైవర్ బత్తా ఆగదు, టోల్ ఆగదు. కిరాయి బండి అడిగేటప్పుడు కొంచెం మా వైపు కూడా చూడండి.

కృష్ణఒడ్డు_మక్తల్
ఇంత టెన్షన్ ఎందుకు? మేం కృష్ణ బ్రిడ్జి దాటి కర్ణాటక వైపు శక్తినగర్‌లో కొట్టిస్తాం. కర్ణాటక 2021 నవంబర్‌లో పన్ను తగ్గించింది, మన దగ్గర తగ్గించలేదు. లీటరుకు పది రూపాయల దాకా తేడా. మా ఊరి ట్రాక్టర్లు, డీసీఎంలు అన్నీ అటే. పాలమూరోళ్లంతా ఇదే చేయాలి.

పాలమూరు_పోరడు
పాలమూరోళ్లంతానా? మహబూబ్‌నగర్ నుంచి శక్తినగర్ పోయి రావాలంటే దగ్గర దగ్గర రెండొందల కిలోమీటర్లు. ట్యాంకు పట్టేది 70 లీటర్లు, మిగిలేది 700 రూపాయలు. పోయి రావడానికి కాలేది 18, 20 లీటర్లు, అంటే రెండు వేలు. నల్లగొండ అన్న అయితే ఇంకా దూరం. ఇది సలహానా?

కృష్ణఒడ్డు_మక్తల్
నేను పని కట్టుకుని పొమ్మన్నానా? క్యాన్లలో కూడా తెచ్చుకోవచ్చు, మా వాళ్లు తెచ్చుకుంటారు. పొలం పనులకు నెలంతా వాడేటోడికి ఎంత మిగులుతుందో ఏసీ రూములో కూర్చున్నోళ్లకు ఏం తెలుస్తుంది.

పాలమూరు_పోరడు
ఏసీ రూము ఎవరిది? నేను రోజూ ట్రాలీ ఆటో నడిపేవాణ్ని. పిల్లలు పడుకునే బండిలో క్యాన్ల కొద్దీ డీజిల్ పెట్టుకోమని చెప్పడం తప్పు, అంతే. ఎండకు మూత వదులైతే పరుపులన్నీ డీజిలే.

లారీస్టాండ్_జడ్చర్ల
ఇద్దరూ ఆగండి. చిన్నప్పటి నుంచి స్టీరింగ్ మీద బతికినోణ్ని, ఈ రూట్లన్నీ నాకు అరచేతిలో ఉన్నట్టే. సూత్రం ఒక్కటే: చౌక బంకు దారిలో పడితే కొట్టించు, దాని కోసం దారి మార్చకు. మంత్రాలయం పోయేవాళ్లు రాయచూరు మీద నుంచి పోతే అక్కడ ఫుల్ కొట్టించుకోవచ్చు, మక్తల్ తమ్ముడి మాట అక్కడ కరెక్టు. బెంగళూరు వైపు పోయేవాళ్లు అలంపూర్ చౌరస్తా దాటకముందే ట్యాంకు నింపుకోండి, తుంగభద్ర దాటితే ఆంధ్రాలో మనకంటే ఇంకా ఎక్కువ. కర్నూలు, అనంతపురం బంకుల్లో ఆగకుండా బాగేపల్లి చేరితే మళ్లీ కర్ణాటక రేటు.

నల్లగొండ తమ్ముడూ, నీది అద్దంకి రోడ్డు. మిర్యాలగూడలో ఫుల్ కొట్టించు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటాక పిడుగురాళ్ల, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు, తిరుపతి దాకా బంకులోకి పోయే పనే లేదు. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి దాటి తమిళనాడులో తిరుత్తణిలో పోయించు. చెన్నైలో ఈ ఏప్రిల్‌లో 100.94 ఉంది, ఆ చుట్టుపక్కల కూడా అటూ ఇటూ అంతే. తిరిగొచ్చేటప్పుడు గుమ్మిడిపూండి దాటకముందే ఫుల్ చేయించు, నల్లగొండ దాకా వచ్చేస్తావు.

ఇంకోటి, ట్రావెలర్ పెట్టె లాంటి బండి, ఎత్తు ఎక్కువ, గాలిని చీల్చుకుంటూ పోవాలి. 100 మీద తోలేవాడికి పది రావు. 75, 80 మీద పట్టు. పైన క్యారియర్ ఖాళీగా ఉంటే విప్పేసి ఇంట్లో పెట్టు. పొద్దున టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించు.

పానగల్లు_78
తుంగభద్ర ఇవతల ఒక రేటు, అవతల ఒక రేటు, రాయచూరులో ఒకటి. ఎందుకు? పెట్రోలు మీద మన రాష్ట్ర వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

భువనగిరి_కోట
కేంద్రం వేసే ఎక్సైజ్ సుంకం గురించి మాట్లాడవేం? ఈ ఏప్రిల్ నాటికి డీజిల్ మీద లీటరుకు 21.80, పెట్రోలు మీద 27.90. ఐదు రాష్ట్రాల ఎన్నికలు అయ్యేదాకా నాలుగున్నర నెలలు పైసా కదల్లేదు, అయిపోగానే పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. వ్యాట్ మన రాష్ట్రం కొత్తగా పెంచిందా?

పానగల్లు_78
శాతం పెంచక్కర్లేదు, అసలు రేటు పెరిగితే వ్యాట్ దానంతట అదే పెరుగుతుంది. ఇద్దరూ మన జేబులోంచే తీసుకుంటున్నారు, ఒకరినే వెనకేసుకురాకు.

చర్చ_నిర్వాహకులు
పార్టీల గొడవకు పోతే పోస్టులు తీసేస్తాం. బండి, ప్రయాణం, ఖర్చు గురించి రాయండి.

డిపోకాడ_వనపర్తి
బస్సు ఎక్కండి అందామంటే అక్కడా అదే కథ. టోకుగా కొనేవాళ్లకు డీజిల్ లీటరుకు 25 పెంచేసరికి ఆర్టీసీ బస్సులే మామూలు బంకులకు వస్తున్నాయి. మా దగ్గర వాటి వెనక లైన్లో నిలబడ్డా. మొన్న డీజిల్ సెస్ కూడా వేశారు, టికెట్‌కు పల్లెవెలుగులో 2 రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో 5.

అక్క_దేవరకొండ
వంట సంగతి అడిగాడు కదా ఆ తమ్ముడు, ఎవరూ చెప్పరేం? మిగిలేది అక్కడే. మేం ఎనిమిది మందిమి పోతాం. రోడ్డు పక్క హోటల్‌లో ఒక పూట టిఫిన్‌కు అయ్యే డబ్బుతో నేను ఒక రోజంతా వండి పెడతా. ఇంటి దగ్గరే జొన్నరొట్టెలు ఎండేలా కాల్చి గుడ్డలో చుట్టుకుంటా, అవి నాలుగైదు రోజులకు ఏమీ కావు. పల్లీల పొడి, కారప్పొడి, చింతకాయ తొక్కు డబ్బాలు, బియ్యం, పప్పు. పొద్దున ఒకసారి కుక్కర్ పెడితే మధ్యాహ్నానికి పెరుగన్నం, పులిహోర. కూరగాయలు మాత్రం ఏ రోజుకు ఆ రోజు దారిలో సంతలో కొంటా. డీజిల్‌కు పెరిగింది నా వంటలోనే తిరిగొచ్చేసింది, మళ్లీ పిల్లలకు కడుపు చెడలేదు.

పాలమూరు_పోరడు
అక్కా, గ్యాస్ ఏది పెడతారు? ఇంట్లో వాడే పెద్ద బండ బండిలో పెట్టుకుని తిరుగుతుంటే చూశా, నాకు భయమేసింది.

అక్క_దేవరకొండ
5 కిలోలది. స్టవ్ కిందకు దింపి, చెట్టు నీడలో బయటే వండుతా. బండి కదిలేముందు రెగ్యులేటర్ తీసి పక్కన పెట్టాల్సిందే, మా ఇంట్లో ఈ విషయంలో ఎవరి మాటా వినను.

మెకానిక్_కోదాడ
ఇంకో ఖర్చు ఎవరి కంటికీ కనబడదు. మే నెల తిరుపతి ఎండకు రాత్రి ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని పడుకుంటారు. గంటకు లీటరు పైనే తాగుతుంది. ఎనిమిది గంటలకు ఎంత? వెయ్యి దాటుతుంది, ఆ డబ్బుకు రూము వస్తుంది. పైగా సైలెన్సర్ పొగ లోపలికి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుంది, దయచేసి ఆ పని చేయకండి. రెండు పెద్ద బ్యాటరీలు, చిన్న ఫ్యాన్లు, కిటికీలకు దోమల జాలీ పెట్టించుకోండి.

అమ్రాబాద్_అడవి
అంత దూరం ఎందుకు, ఈ ఏడు మా వైపు రండి. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, శ్రీశైలం. ట్యాంకు సగం కూడా కాదు. మన్ననూరు ఫారెస్టు గేటు రాత్రి 9కి వేస్తే పొద్దున 6 దాకా తీయరు, ఆలోపు చేరండి. ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయొద్దు, గేర్‌లో దిగితేనే ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది.

లారీస్టాండ్_జడ్చర్ల
కరెక్టు. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసి దిగితే కొత్త ఇంజన్లు డీజిల్ తీసుకోవు కూడా. న్యూట్రల్‌లో మిగిలేది ఏమీ లేదు, బ్రేకులు కాలతాయి అంతే.

పానగల్లు_78
బంకు కొలత సంగతి కూడా రాయండి. మా ఊరి దగ్గర ఒక బంకులో 70 లీటర్ల ట్యాంకులో 74 కొట్టాడు. 5 లీటర్ల కొలత క్యాన్ ప్రతి బంకులో ఉండాలి, అడిగితే కొలిచి చూపించాలి. అడిగా, గొడవ పడ్డా, చివరికి చూపించాడు, తక్కువ వచ్చింది.

మెకానిక్_కోదాడ
మెడ దాకా నింపితే ట్యాంకులో నాలుగు లీటర్లు ఎక్కువే పడతాయి, దాన్ని మోసం అనలేం. క్యాన్‌లో తక్కువ వచ్చిందంటే మాత్రం తూనికలు కొలతల వాళ్లకు రాసి పెట్టండి.

సాగర్‌కట్ట_నల్లగొండ
అందరికీ దండాలు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. కన్యాకుమారి, రామేశ్వరం ఈసారి తీసేశాం. మా బావ వాళ్లు కూడా వస్తామన్నారు, డీజిల్, టోల్ చెరి సగం. మిర్యాలగూడలో ఫుల్ కొట్టించుకుని తెల్లవారుజామున బయలుదేరతాం. అక్కా, ఆ రొట్టెలు మెత్తబడకుండా ఎట్ల కాలుస్తారో రాయండి, మా ఆవిడ అడుగుతోంది. అరుణాచలంలో గిరిప్రదక్షిణ రోజు బండి ఎక్కడ పెట్టనిస్తారో కూడా ఎవరైనా చెప్పండి.

కృష్ణఒడ్డు_మక్తల్
అరుణాచలం నాకు తెలియదు. కానీ క్యాన్ల సంగతిలో నేను చెప్పింది పొలం పనులకు అని మళ్లీ రాస్తున్నా, పిల్లల బండికి అని అనలేదు.