హెన్రీ పేరున్న వెండి నాణెం దొరికింది, ఏ హెన్రీ?

లెస్టర్ బాబాయ్:
అందరికీ నమస్కారం. నిన్న జనం కారు డిక్కీల్లో పాత సామాన్లు పెట్టి అమ్మే కార్ బూట్ సేల్‌లో ఒక పెద్దాయన బిస్కెట్ల డబ్బాలోంచి తీసి 15 పౌండ్లకి ఇచ్చాడు. మన స్టీలు పావలా అంత వెడల్పు, మందం మాత్రం కాగితమే. గుండ్రంగా కూడా లేదు. మిషన్లు రాకముందు సుత్తితో కొట్టిన నాణెమట. కిరీటం, గడ్డం, చేతిలో రాజదండం, చుట్టూ 'హెన్రికస్ రెక్స్', అంటే లాటిన్‌లో హెన్రీ రాజు. ఎనిమిదో హెన్రీయే కదా? ఆరు పెళ్ళిళ్ళ ఆయన! ఇంట్లో ఒకటే సంబరం.

టంకశాల వీధి:
బాబాయ్ గారూ, సంబరం కాస్త ఆపండి. బొమ్మ ఫోటో పెట్టారు, బొరుసు ఏది? ఆ కాలపు పెన్నీల మీద ముఖాన్ని నమ్మలేం, ఏ రాజుకైనా దాదాపు అదే బొమ్మ. పేరుదీ అదే కథ. సిలువ చూసి చెప్పండి: ఒంటి గీతా, జంట గీతలా? అంచు దాకా వెళ్ళిందా? మూలల్లో చుక్కలెన్ని? బరువెంత?

లెస్టర్ బాబాయ్:
వంటింటి కాటా ఓసారి 1 గ్రాము అంటుంది, ఓసారి 2. సిలువ పొట్టిది, జంట గీతలు, అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఒక్కో మూలలో నాలుగేసి చుక్కలు, పువ్వులా.

టంకశాల వీధి:
ఇంకేం, పొట్టి సిలువ పెన్నీ. 1180 నుంచి 1247 దాకా కొట్టినవి. మీ ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కింది 1509లో!

అసలు తమాషా ఏంటంటే, ఈ అచ్చు మొదలుపెట్టిన రెండో హెన్రీ 1189లో పోయాడు. తర్వాత వచ్చిన రిచర్డ్ గానీ, జాన్ గానీ ఇంగ్లండ్ పెన్నీల మీద ఆ పేరు మార్చలేదు. మూడో హెన్రీకి ఎలాగూ అదే పేరు. అంటే మీది నలుగురు రాజుల్లో ఎవరిదైనా కావచ్చు. 1247లో సిలువను అంచు దాకా పొడిగించారు. జనం అంచులు కత్తిరించి వెండి నొక్కేస్తుంటే అది తెలిసిపోవాలని. అందులో మూలకి మూడు చుక్కలు. 1279లో మొదటి ఎడ్వర్డ్ జంట గీతలు తీసి ఒంటి గీత పెట్టాడు. ఇక ఎవరిదో తేలాలంటే బొరుసు మీది అక్షరాలు చదవాల్సిందే. అక్కడ నాణెం కొట్టించినవాడి పేరు, 'ఆన్' (అంటే 'లో'), ఊరి పేరు వరసగా ఉంటాయి.

కెంట్ పొలాల్లో:
నేను పొలాల్లో లోహాలు వెతికే డిటెక్టర్ పట్టుకుని తిరిగే బాపతు. మొదటి ఏడాది ఇలాంటిదే సగం ముక్క దొరికితే, నాగలి తగిలి విరిగిందనుకుని తుక్కు డబ్బాలో పడేశా. తర్వాత తెలిసింది, 1279కి ముందు అక్కడ చిల్లర కోసం పెన్నీనే సిలువ గీత వెంబడి కోసేవాళ్ళట! సగం కోస్తే అర పెన్నీ, నాలుగో వంతు ఫార్తింగ్. మన పావలా లాగే పేరులోనే పావు ఉంది చూడండి. ఆ ముక్క కోసం డబ్బా మొత్తం బోర్లించా.

కొత్తగా దిగేవాళ్ళకి ఒక మాట: పొలం యజమాని అనుమతి లేకుండా అడుగు పెట్టకండి. 300 ఏళ్ళు దాటిన వెండి నాణేలు ఒకేచోట రెండు దొరికినా ఇంగ్లండ్ చట్టంలో అది నిధే. 14 రోజుల్లో, ఇలాంటి వాటిని విచారించే అధికారి అయిన కరోనర్‌కి చెప్పాలి.

స్లౌ సుబ్బలక్ష్మి:
నా దగ్గరున్నది మొదటి ఎలిజబెత్ ఆరు పెన్నీలది. అది సులువు బాబాయ్ గారూ, రాణి తల వెనక గులాబీ, బొరుసు మీద డాలు పైన ఏడాది (నాది 1573). అక్షరాలు మొదలయ్యే చోట బుల్లి ఓక్ కాయ. అది టంకశాల గుర్తు. ఆవిడ షిల్లింగుకి (12 పెన్నీలది) మాత్రం గులాబీ ఉండదు, ఏడాదీ ఉండదు.

నాదొక ఏడుపు కూడా వినండి. మా అత్తగారు ప్రేమగా చింతపండు, విబూది పెట్టి తోమేశారు. దేవుడి దగ్గర కుందిలా తళతళా మెరిసిపోతోంది. చూపించిన డీలర్ అడిగిన ధరలో సగం కూడా ఇవ్వనన్నాడు.

కంసాలి మనవడు:
తోమడం సరే, అసలుదో కాదో చూశారా? పోత పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన సూది మొనంత బుడిపెలు కనిపిస్తాయి. అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంటాయి. బాబాయ్ గారూ, మీ పెన్నీ దాదాపు 1.4 గ్రాములు ఉండాలి, అరిగితే ఇంకాస్త తక్కువ. వంటింటి కాటా వదిలేసి బంగారం తూచే చిన్న కాటా కొనండి.

లెస్టర్ బాబాయ్:
కాటా తెచ్చా, 1.32. అతుకు గీత లేదు. లైటు పక్క నుంచి పెట్టి అరగంట చూస్తే 'ఇల్గర్ ఆన్ లుం...' దాకా వచ్చింది.

టంకశాల వీధి:
లండన్! ఇల్గర్ పేరు ఎక్కువగా కనిపించేది మూడో హెన్రీ తొలి రోజుల నాణేల మీద. ముఖం కూడా ఆ నాటి మోటు చెక్కుడులాగే ఉంది. నా ఓటు అటే.

లెస్టర్ బాబాయ్:
పోనీలెండి, హెన్రీయే కదా. ఆ డబ్బాలో ఇంకో రెండు ఉన్నాయి, వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నా.

టంకశాల వీధి:
ఈసారి బొరుసు ఫోటో ముందు పెట్టండి.