వానలో హజార్డ్ లైట్లు వేసుకుని నడపడం తప్పా?

కొత్త చక్రం:
లైసెన్స్ వచ్చి రెండు నెలలే అయింది. నిన్న రాత్రి జోరువాన, ముందేమీ కనపడట్లేదు, నేనున్నట్టు అందరికీ తెలియాలని హజార్డ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేది) వేసి మెల్లగా నడిపాను. లేన్ మారేటప్పుడు ఇండికేటర్ కూడా వేశాను, అయినా వెనకాయన గుద్దబోయి ఆగి, అద్దం దించి నాలుగు తిట్టి పోయాడు. అదే టైములో అద్దమంతా ఆవిరి పట్టేసింది, ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కునేసరికి టెన్షన్‌తో చేతులు వణికాయి. నా తప్పేంటి?

పాతకాపు:
ఆయన తిట్టడం బాగోలేదు గానీ, వెనక నుంచి ఆయనకి కనిపించింది ఏంటో చూడండి. చాలా కార్లలో హజార్డ్ వేసి ఉన్నంతసేపూ ఇండికేటర్ పనిచేయదు. మీరు కాడ కిందికో పైకో లాగారు, లోపల టక్ టక్ వినిపిస్తూనే ఉంది, బయట మాత్రం నాలుగు లైట్లూ ఎప్పటిలాగే కొట్టుకుంటున్నాయి. మీరు పక్కకి వస్తున్నారని ఆయనకెలా తెలుస్తుంది? అసలు మీ బండి కదులుతోందో ఆగిపోయిందో కూడా ఆ వానలో చప్పున అర్థం కాదు. హజార్డ్ ఉన్నది బండి ఆగిపోయినప్పటికి. వానలో లో బీమ్ (కిందికి, దగ్గరి రోడ్డు మీద పడే హెడ్‌లైట్) చాలు, దూరానికి కొట్టే హై బీమ్ వేస్తే ఆ కాంతి చినుకుల మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది, పొగమంచులోనూ అంతే.

రాత్రి ప్రయాణం:
లో బీమ్ అన్నారు కదా, దాన్ని స్విచ్ తిప్పి వేయండి. బండి స్టార్ట్ చేయగానే వాటంతటవే వెలిగే పగటి లైట్లు ముందు వెలుగుతున్నాయి, డాష్‌బోర్డు కూడా వెలుగుతోంది, ఇంకేం అనుకుని నేనోసారి అరగంట నడిపాను. ఆగి దిగి చూస్తే వెనక చిమ్మచీకటి. చాలా కార్లలో ఆ పగటి లైట్లు ముందువైపే ఉంటాయి మరి.

ఆవిరి సంగతి: ఏసీ వేయండి, చలిగా ఉన్నా సరే, అది గాలిలో తేమని లాగేస్తుంది. గాలిని ముందద్దం మీదికి మళ్ళించి, వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. లోపలి గాలే తిరిగేలా పెడితే మన ఊపిరే అద్దానికి పడుతుంది. చేత్తో మాత్రం తుడవకండి, ఆ మరకల మీద ఎదుటి లైట్లు పడి ఇంకా చికాకు.

పాతకాపు:
ఈ బటన్లన్నీ వానలో నేర్చుకునేవి కావు. బండి ఆపి ఉన్నప్పుడు కళ్ళు మూసుకుని వైపర్, లైట్లు, హజార్డ్, అద్దం గాలి ఒక్కొక్కటీ చేత్తో తడిమి పట్టుకోండి.

కొత్త చక్రం:
ఇప్పుడే చేసొచ్చాను. వైపర్ అనుకుని లాగితే అద్దం మీద నీళ్ళు చిమ్మాయి, మూడోసారికి కుదిరింది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం దొరికింది, అదేంటి?

రాత్రి ప్రయాణం:
హెడ్‌లైట్ ఎత్తు. వెనక మనుషులు, సామాను నిండితే కారు ముందుభాగం లేచి, మీ లో బీమ్ కూడా ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది. అప్పుడు అంకె పెంచితే కాంతి కిందికి దిగుతుంది. ఒక్కరే నడుపుతుంటే 0లో ఉంచండి.