సీఆర్ (ఛాలెంజ్ రేటింగ్) చూసి రాక్షసుల్ని దించితే సరిపోతుందా? డీఎంలు (ఆట నడిపించేవాళ్లు) ఎవరైనా చెప్పండి

అందరికీ నమస్తే. మాది తిరుపతి. ఆదివారాలు మా మేడ మీద గదిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్ ఆడిస్తుంటాను, 2014 రూల్స్, ఐదుగురు ఆటగాళ్లు, అందరూ మూడో లెవెల్.

నా టెన్షన్ అంతా ఛాలెంజ్ రేటింగ్ గురించే, అంటే ఒక రాక్షసుడు ఎంత కష్టమో చెప్పే అంకె. ఓగర్ సీఆర్ 2, 59 హిట్ పాయింట్లు (ప్రాణం), అయినా ఒంటరిగా దింపితే అది ఒక దెబ్బ వేసేలోపు మావాళ్లు ఐదు వేస్తారు, ఇట్టే పడిపోతుంది. షాడో (నీడలాంటి దెయ్యం) సీఆర్ 1/2 మాత్రమే. నాలుగు షాడోలకు 400 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), గుంపు కాబట్టి రెట్టింపు చేస్తే 800, అంటే లెక్క ప్రకారం మాకు మీడియం ఫైట్. కానీ దాని దెబ్బ తగిలిన ప్రతిసారీ స్ట్రెంగ్త్ 1 నుంచి 4 దాకా తగ్గుతుంది, సున్నాకొస్తే చావే. మా విజార్డ్ స్ట్రెంగ్త్ 8, ప్రాణం నిండుగా ఉన్నా రెండు దెబ్బలకే పోవచ్చు! ఇది మీడియం ఎలా అవుతుంది? క్లెరిక్ (దైవశక్తితో దెయ్యాల్ని తరిమే పాత్ర) ఉంటే కథ వేరు, మా పార్టీలో లేరు.

ఇంకోటి, ఆ లెక్కలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు ఉంటాయనుకుని వేసినవి. మాకు రెండు జరిగితే గొప్ప, కాబట్టి మొదటిదాంట్లోనే స్పెల్స్ అన్నీ కుమ్మరించేస్తారు.

ఫైట్ మధ్యలో హిట్ పాయింట్లు మార్చడం నాకు ఇష్టం లేదు, అది ఆటగాళ్లకు అన్యాయం. మరి మీరు ముందే ఎలా అంచనా వేస్తారు? రౌండ్‌కు డ్యామేజ్ లెక్కగడతారా, ఎవరి బలహీనత ఏంటో చూస్తారా? చిత్తూరు, తిరుపతి వైపు డీఎంలు ఉంటే ఒక ఆదివారం వచ్చి చూసి చెప్పినా చాలా సంతోషం.