1,200 అడుగుల ఫ్లాటులో ఇల్లు ఎంత? పెద్దలు చెప్పగలరు

ప్రశ్న: తిరుపతి బైరాగిపట్టెడలో కొత్తగా కట్టిన రెండు పడకగదుల ఫ్లాటు చూశాం. సూపర్ బిల్టప్ 1,200 చదరపు అడుగులు, అడుగు 5,000 చొప్పున 60 లక్షలు. లోపల తిరిగితే అంత చోటు ఉన్నట్టు లేదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నిల్, అంటే లావాదేవీలేవీ లేవని వచ్చింది, ఇక భయం లేదని బిల్డరు అంటున్నారు. రేపే 10 లక్షలు ఇచ్చి అగ్రిమెంటు రాసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, రేపు డబ్బు ఇవ్వకండి. టేపు పట్టుకుని వెళ్లి ఒక్కో గదీ గోడ నుంచి గోడకు కొలవండి. కార్పెట్ ఏరియా అంటే మీరు కాలు పెట్టి తిరిగే చోటు. గదుల మధ్య గోడలు అందులో చేరతాయి; బయటి గోడలు, బాల్కనీ చేరవు. వీటిని కలిపితే బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండాల్లో మీ వంతు కూడా వేస్తే సూపర్ బిల్టప్. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం లెక్కలోకి తీసుకున్నది కార్పెట్ ఏరియానే.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ నిల్ ఈసీ. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు ఉంటాయి. బిల్డరు ఆ స్థలం కొన్నా, యజమానితో ఒప్పందం రిజిస్టరు చేసుకున్నా ఆ పత్రమైనా కనిపించాలి కదా! ఏమీ లేదంటే కొద్ది ఏళ్లకే తీయించి ఉండాలి, లేదా సర్వే నంబరో హద్దులో తప్పు పడి ఉండాలి. ముప్పై ఏళ్లకు మీరే తీయించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల నుంచి వరుసగా వచ్చిన పత్రాలు, పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ సరిచూడండి. రిజిస్టరు కాని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకే న్యాయవాదికి చూపించడం తప్పనిసరి.

మరొకరి జవాబు: మన వైపు ముందు అడగవలసింది డీకేటీ గురించి. అది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి, దాని అమ్మకంపై 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. దేవస్థానం, మఠం భూములు కూడా మన ఊరి చుట్టూ ఉన్నాయి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడండి. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేదా కార్పొరేషన్ ఆమోదించిన ప్లాను అడిగి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: కొలిచాం, 860 వచ్చింది! అంటే అడుగు దాదాపు 7,000 పడుతోంది. ఈసీ ఐదేళ్లకే తీశారు. అవిభాజ్య వాటా ఎంతని అడిగితే తర్వాత చెబుతామన్నారు.

జవాబు: ఆ వాటాయే నేలలో మీ భాగం. రేపు భవనం పాతబడి కూల్చినా మీకు మిగిలేది అదే. ఎన్ని గజాలో అంకెతో అగ్రిమెంటులోనూ, సేల్ డీడ్ షెడ్యూలులోనూ ఉండాలి. ప్రాజెక్టు రెరా కిందికి వస్తే, రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ 60 లక్షలకు అది 6 లక్షలు, వాళ్లడిగింది 10. అగ్రిమెంటుతో ఇల్లు మీ పేరుకు మారదు; సేల్ డీడ్ రిజిస్టరైతేనే హక్కు. ఇంకొకటి, ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టి మీరే కట్టాలి. ముప్పై ఏళ్ల ఈసీ వచ్చాక, అందులోని పేర్లు కాకుండా లావాదేవీల వరుస ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం.