ట్రెడ్‌మిల్ మీద నడవలేని అమ్మకు స్ట్రెస్ ఎమ్మారై రాశారు, ముందుగా ఏం చూసుకోవాలి?

ప్రశ్న (కావలి నుంచి):
అమ్మకు 58 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి. మేడ మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. ఈసీజీ, ఎకో నార్మల్. మోకాళ్ల నొప్పుల వల్ల ట్రెడ్‌మిల్ మీద నడవలేదు. డాక్టరుగారు గుండెకు స్ట్రెస్ ఎమ్మారై రాశారు. చెన్నైలో చేయిద్దామనుకుంటున్నాం. రిపోర్టులన్నీ బాగున్నప్పుడు ఇదెందుకు? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు (నెల్లూరు, ఎమ్మారై టెక్నీషియన్‌ని):
అన్నా, తీరిగ్గా పడుకోబెట్టి తీసిన ఈసీజీ, ఎకో బాగున్నంత మాత్రాన నాళాల్లో అడ్డు లేదని చెప్పలేం. సోమశిల కాలువ చివరి పొలాల సంగతి మీకు తెలిసిందే. నీళ్లతో పెద్దగా పని లేనప్పుడు లోటు కనపడదు, నాట్లప్పుడే ఏ మడికి అందట్లేదో బయటపడుతుంది. గుండె నాళాలూ అంతే.

స్ట్రెస్ ఎమ్మారైలో నడిపించే బదులు అడినోసిన్ అనే మందును నరంలోకి మూడు నాలుగు నిమిషాలు ఎక్కిస్తారు. బాగున్న నాళాలు విప్పారి రక్తం మూడు నాలుగు రెట్లు పారుతుంది, సన్నబడిన నాళంలో అంతగా పెరగదు. ఆ సమయంలోనే గాడోలినియం కాంట్రాస్టు, అంటే స్కాన్‌లో తేడా తెలిసేలా చేసే మందు, నరంలోకి ఇస్తారు. రక్తం అందిన కండ తెల్లగా వస్తుంది, అందని చోట గుండె గోడ లోపలి అంచున నల్లటి పట్టీ కనిపిస్తుంది. పది నిమిషాలాగి మళ్లీ తీస్తే, పాత గుండెపోటు మచ్చ ఉంటే అదీ తెలుస్తుంది. రేడియేషన్ ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం కాఫీ, టీ. కెఫీన్ ఒంట్లో ఉంటే అడినోసిన్ సరిగా పనిచేయదు, అడ్డు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు. అందుకే 24 గంటల ముందు నుంచి కాఫీ, టీ, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు వద్దు. పినాకినిలో వెళ్తే బోగీలో కాఫీ, టీ వస్తూనే ఉంటాయి, అమ్మను కనిపెట్టుకుని ఉండండి. ఆయాసం ఉన్నా, డెరిఫిలిన్ బిళ్లలు వాడుతున్నా ముందే చెప్పండి. ఆ బిళ్ల కూడా అడినోసిన్‌కు విరుగుడే. ఉబ్బసం ఉంటే అసలు వేరే మందుతో చేయాల్సి రావచ్చు. ఏ మందు ఆపాలో డాక్టరుగారే చెప్పాలి, మీ అంతట మీరు ఆపకండి.

మందు ఎక్కుతుంటే ముఖం వేడెక్కుతుంది, ఛాతీ బిగుసుకున్నట్టు, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. భయపడొద్దని ముందే చెప్పండి. ఆపిన ఒకట్రెండు నిమిషాల్లో పోతుంది. పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టడం ఇంట్లోనే అలవాటు చేయించండి. హెడ్‌ఫోన్‌లో తమిళం వినపడితే అమ్మకు అర్థం కాదు, తెలుగులో చెప్పేవాళ్లు ఉన్నారేమో అక్కడ అడగండి.

ఒంగోలు నుంచి:
నేరుగా యాంజియోగ్రామ్ చేయించుకుంటే పోదా?

నెల్లూరు టెక్నీషియన్:
కొందరికి అదే అవసరం, కాదనను. కానీ 2019లో ప్రచురితమైన ఎంఆర్-ఇన్ఫామ్ అధ్యయనంలో 918 మందిని చూశారు. సగం మందికి ఎమ్మారై దారి, మిగతావారికి యాంజియోగ్రామ్‌తో పాటు నాళంలో ప్రెషరు కొలిచే దారి. స్టెంటో బైపాసో పడింది ఎమ్మారై దారిలో 36 శాతం మందికి, రెండో దారిలో 45 శాతం మందికి. ఏడాది తర్వాత గుండెపోట్లు, మరణాల విషయంలో ఎమ్మారై దారి ఏమీ తీసిపోలేదు. అమ్మ వయసువాళ్లకు తొడలోనో చేతిలోనో గొట్టం పెట్టకుండా తేలితే మంచిదే కదా.

కనిగిరి నుంచి:
మా మామయ్యకు క్రియాటినిన్ ఎక్కువ. చేయించొచ్చా?

నెల్లూరు టెక్నీషియన్:
మీ వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఈ మాట అడగాల్సిందే. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ని బట్టి కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో వేసే లెక్క) 30 కంటే తక్కువుంటే కాంట్రాస్టు ఇవ్వాలా, ఏ రకం ఇవ్వాలా అన్నది డాక్టర్లు తేలుస్తారు. తాజా రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉంచుకోండి. పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు కూడా. స్టెంటు ఉన్నవాళ్లకు మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఇంకొకటి, అందరికీ. కూర్చున్నా తగ్గని నొప్పి, చెమటలు వస్తే స్కాన్ తేదీ కోసం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

కావలి నుంచి:
థాంక్స్ అన్నా. ఎమ్మారై గదిలోకి లోహం వద్దంటారు కదా, తాళి తీయాలంటే అమ్మ ఒప్పుకోవడం లేదు.

నెల్లూరు టెక్నీషియన్:
పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేయండి, మా దగ్గర చాలామంది అలాగే వస్తారు. గొలుసు, గాజులు, చెవికమ్మలు, చీర పిన్నీసులు మాత్రం ఇంట్లోనే తీయించండి. లోపల గౌను ఇస్తారు.