అప్‌డేట్: తాతగారి పెట్టెలోని కత్తి ఎక్కడిదో తెలిసింది

వెండి పట్టీల ఒర, దానికి గొలుసుతో వేలాడే చిన్న చిన్న పనిముట్లు ఉన్న పాత కత్తి గురించి ఇక్కడ అడిగాను కదా, అది కర్ణాటకలోని కొడగు (కూర్గ్) ప్రాంతానిది. కొడవ పురుషులు కుప్య అనే నల్లని అంగీ మీద, చేలె అనే ఎర్ర పట్టు నడికట్టులో ముందువైపు దోపుకునే పీచెకత్తి. పిచ్చంగత్తి అని కూడా రాస్తారు. పాత ఆయుధాల నిపుణుడొకరు అలుగును (కత్తి కోసే భాగాన్ని) చూడకముందే ఆ గొలుసు పట్టుకుని చెప్పేశారు. విషం కోసమా, మందు కోసమా అని మనమంతా తలలు బద్దలు కొట్టుకున్న ఆ పనిముట్లు ఏమిటంటే పట్టకారు, గోళ్లు శుభ్రం చేసుకునే పుల్ల, గుబిలి తీసే చెంచా!

ఒర ఫొటో కూడా పెట్టమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు, దారి దొరికింది అక్కడే. నేపాలీ కుక్రీ అన్న ఊహ నిలవలేదు. కుక్రీ అలుగు ముందుకు వంగి ఉంటుంది, దాని ఒరలో ఉండేవి కర్దా (చిన్న కత్తి), చక్మక్ (పదును సరిచేసే మొద్దు కత్తి). అలుగు మీద అక్షరాలేమో అనుకున్న గీతలు అక్షరాలు కావు, సానపెట్టినప్పుడు పడినవే. తాతగారు కొడగులోని మడికేరి దగ్గర కాఫీ తోటలో గుమాస్తాగా పనిచేశారు కాబట్టి ఇంటికెలా చేరిందో ఊహించవచ్చు.

వెండిని చింతపండుతో తోమవద్దన్నారు ఆ నిపుణుడు. అమ్మకు ఆ మాట ఇంకా మింగుడుపడలేదు.